ఇల్లు వెతికే దారి: తెరా, దలాలా?

మానవునిపై అల్లాహ్ కురిపించిన అనుగ్రహాలను గుర్తు చేస్తూ దివ్యఖుర్ఆన్ నహ్ల్ సూరా 80వ ఆయతులో ఇంటిని ప్రస్తావించింది. అక్కడ ఇంటికి వాడిన మాట 'సకన్'. అంటే మనసు నిలకడ పొందే చోటు. మనం నిత్యం పలికే 'సుకూన్' ఈ ధాతువు నుండి పుట్టినదే. రూమ్ సూరా 21వ ఆయతులో దాంపత్య జీవితాన్ని వర్ణించేటప్పుడు కూడా ఇదే ధాతువు కనిపిస్తుంది. ఇంటినీ, సంసారాన్నీ, ప్రశాంతతనూ ఖుర్ఆన్ ఈ విధంగా ఒకే మాటతో ముడివేసింది.

ఇటువంటి ఇంటిని వెతికే పద్ధతి గత పదిహేనేళ్లలో ఎంతో మారిపోయింది. పూర్వం అస్ర్ నమాజు తరువాత మస్జిద్ మెట్ల మీద నలుగురి చెవిన వేసేవారు. గల్లీ గల్లీ తిరిగి టు-లెట్ బోర్డులు చూసేవారు. అదీ కాకపోతే ఆ పేటలో ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలిసిన దలాలును ఆశ్రయించేవారు. నేడు 99 ఎకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్, నోబ్రోకర్ వంటి వేదికలు వచ్చాయి. కువైట్‌లో ఉన్న కడప సోదరుడూ, జిద్దాలో ఉన్న నిజామాబాద్ సోదరుడూ రాత్రి పనినుండి వచ్చి మంచం మీద పడుకొని టోలీచౌకీలోని ఫ్లాట్లను వేలితో తిప్పుతూ చూడగలుగుతున్నారు.

ఈ మార్పుతో పాటు ప్రశ్నలూ వచ్చాయి. ఫోనులో ఉచితంగా దొరికేదానికి దలాలుకు ఒక నెల అద్దె ఎందుకివ్వాలి? అసలు ఆ కమీషన్ ధర్మసమ్మతమేనా? ఫొటోలు చూసి బయానా కట్టాము, తీరా చూస్తే ఇల్లు వేరుగా ఉంది, ఇప్పుడేమి చేయాలి? ఇటువంటి ప్రశ్నలతో మా వద్దకు వచ్చేవారి సంఖ్య పెరుగుతోంది. ఈ వ్యాసంలో వాటిని ధర్మశాస్త్రం వెలుగులోనూ, మన రాష్ట్రాల వాస్తవ పరిస్థితుల వెలుగులోనూ పరిశీలిద్దాం. ముందుగా ఒక్క మాట. తెర అయినా, దలాలు అయినా వార్త తెచ్చేవారే. ఆ వార్తను పరీక్షించడం, నిజం చెప్పడం, ఒప్పుకున్న మాట నిలుపుకోవడం అనే మూడు బాధ్యతలు ఏ దారిలో వెతికినా మన భుజాల మీదనే ఉంటాయి.

దలాలీ సంపాదన హలాలేనా?

దలాలును అరబీలో 'సిమ్సార్' అంటారు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) కాలంలోనే మదీనా బజారులో ఈ వృత్తి ఉండేది. తమను అప్పట్లో 'సమాసిరా' అని పిలిచేవారనీ, దైవప్రవక్త (సఅసం) తమ వద్దకు వచ్చి అంతకంటే మంచి పేరుతో, అంటే 'తుజ్జార్' (వర్తకులు) అని సంబోధించారనీ హజ్రత్ ఖైస్ బిన్ అబీ గరజా (రజి) ఉల్లేఖించారు. క్రయవిక్రయాలలో వ్యర్థపు మాటలు, ఒట్లు దొర్లుతుంటాయి గనుక దానధర్మాలు కూడా చేస్తుండమని ఆయన (సఅసం) వారికి హితవు చెప్పారు. ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. ఆయన (సఅసం) ఆ వృత్తిని మాన్పించలేదు. దానికి గౌరవమిచ్చి, దానిలోని రోగమేదో చూపి, మందు కూడా చెప్పారు.

ఇమామ్ బుఖారీ (రహ్మ) తన సహీహ్‌లో దలాలు వేతనం గురించి ప్రత్యేకంగా ఒక శీర్షికే పెట్టారు. ఇబ్ను సీరీన్, అతా, ఇబ్రాహీమ్, హసన్ (రహ్మ) వంటి తాబియీలు ఆ వేతనంలో తప్పు చూడలేదని అందులో పేర్కొన్నారు. కాబట్టి తిరిగి, వెతికి, ఇరుపక్షాలను కలిపి, బేరం కుదిర్చిన వ్యక్తి తన శ్రమకు ప్రతిఫలం తీసుకోవడం నిస్సందేహంగా ధర్మసమ్మతమే.

అయితే దానికి హద్దులున్నాయి. మొదటిది, ఆ ప్రతిఫలం ఎంత అనేది ముందే తెలిసి ఉండాలి. 'చూసి ఇవ్వండి సాబ్' అని మొదలై, తాళంచెవి చేతికొచ్చే వేళకు తగవుగా మారే ఒప్పందాన్ని ఫుఖహాలు మెచ్చరు. రెండవది, ఎవరి వద్ద తీసుకుంటున్నదీ బహిరంగంగా ఉండాలి. మధ్యవర్తి ఇరుపక్షాలను కలపగా యజమాని స్వయంగా అమ్మిన సందర్భంలో, దలాలీని అమ్మేవాడు చెల్లించాలా, కొనేవాడు చెల్లించాలా, ఇద్దరూ చెల్లించాలా అన్నది ఆ ప్రాంతపు ఆనవాయితీని బట్టి నిర్ణయమవుతుందని హనఫీ ధర్మశాస్త్రవేత్త అల్లామా ఇబ్ను ఆబిదీన్ (రహ్మ) రాశారు. కనుక ఇరువైపులా తీసుకోవడం తప్పు కాదు. దాచి తీసుకోవడం తప్పు. యజమాని 40 లక్షలు చెబితే కొనేవారికి 43 అని చెప్పి, నడుమ ఉన్న మూడు లక్షలను ఇద్దరికీ తెలియకుండా జేబులో వేసుకోవడం దలాలీ కాదు, ద్రోహం.

ఇక్కడ వినియోగదారులమైన మన నడవడి గురించి కూడా చెప్పుకోవాలి. దలాలు వెంట తిరిగి ఇల్లు చూసి, నచ్చాక మరునాడు అతనికి తెలియకుండా యజమాని వద్దకు వెళ్లి బేరం ముగించేవారు మనలో ఉన్నారు. కమీషన్ మిగిలిందని సంతోషిస్తారు. పని చేయించుకొని కూలి ఎగ్గొట్టినవానికి ప్రళయదినాన తానే ప్రత్యర్థినవుతానని అల్లాహ్ హెచ్చరించినట్లు సహీహ్ బుఖారీలోని హదీసె ఖుద్సీ తెలుపుతోంది. ఆ హెచ్చరిక తాపీ పనివారికీ, హమాలీలకూ మాత్రమే పరిమితమని ఎవరూ అనుకోరాదు. ఆ విధంగా మిగిల్చుకున్న సొమ్ముతో చేరిన ఇంట్లో 'సుకూన్' ఎలా దొరుకుతుందో ఆలోచించండి.

తెర వల్ల కలిగిన మేలు

ఊరికి కొత్తగా సరకు తెచ్చే పల్లెవాసి తరఫున పట్టణవాసి అమ్మిపెట్టడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. అంటే అతనికి దలాలుగా నిలబడరాదని అర్థమని హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) వివరించారు. సంతకు వచ్చే బిడారులకు దారిలోనే ఎదురేగి, ధర తెలియని స్థితిలో వారి వద్ద కొనడాన్ని కూడా ఆయన (సఅసం) నిషేధించారు. ఈ రెండింటిలోనూ ఒకే వివేకం ఉంది. ధర తెలియనివాడి అజ్ఞానం మీద మరొకడు బ్రతకరాదు. ప్రజలు ఒకరివల్ల ఒకరు నేరుగా లబ్ధి పొందే దారి మూసుకుపోరాదు.

ఈ కోణంలో చూస్తే అంతర్జాలం ఒక మంచి పని చేసింది. మెహదీపట్నంలో రెండు పడక గదుల ఇంటికి ఎంత అద్దె అడుగుతున్నారో, విజయవాడ వన్ టౌన్‌లో ఎంత అడుగుతున్నారో ఇల్లు కదలకుండా తెలుసుకోగలుగుతున్నాం. దలాలు చెప్పిన ధరే వేదం అనే రోజులు పోయాయి. యజమాని, అద్దెదారు నేరుగా మాట్లాడుకొనే వీలు కలిగింది. చిన్నపిల్లలతో ఎండలో పది ఇళ్లు తిరగవలసిన తల్లి, ఇంట్లోనే కూర్చుని అందులో ఏడింటిని పక్కన పెట్టగలుగుతోంది. ఇది చిన్న మేలు కాదు.

అయితే తెర మీద కనిపించేది అడిగే ధర మాత్రమే. కుదిరే ధర కాదు. 'యజమాని' అని రాసుకున్నవారిలో దలాలులూ ఉంటారు. ఇక కొందరు చేసే మోసం అందరికీ తెలిసినదే. తక్కువ అద్దెకు అందమైన ఇంటి ఫొటో పెడతారు. ఫోను చేయగానే 'అది నిన్ననే వెళ్లిపోయింది, మరొకటి ఉంది రండి' అంటారు. లేని ఇంటిని ఎర వేయడం అబద్ధమే. ఆ అబద్ధం నోటితో చెప్పినా, ఫొటోతో చెప్పినా పాపంలో తేడా లేదు.

దీనికంటే ప్రమాదకరమైనది డబ్బు కాజేసే మోసం. సైన్యంలో పని చేస్తున్నామనీ, బదిలీ మీద వస్తున్నామనీ నమ్మించి, ఇల్లు చూడకుండానే అడ్వాన్సు పంపుతామంటారు. ఒక క్యూఆర్ కోడ్ పంపి, డబ్బు అందాలంటే దాన్ని స్కాన్ చేయమంటారు. స్కాన్ చేసి పిన్ కొట్టడం డబ్బు పంపడానికే గాని పొందడానికి కాదు. ఈ ఒక్క సంగతి ఇంట్లో పెద్దలకూ, ఆడవారికీ తప్పక చెప్పి ఉంచండి. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. అవిధేయుడు వార్త తెస్తే విచారించుకోవాలన్న హుజురాత్ సూరా 6వ ఆయతులోని ఆదేశం వాట్సాప్ సందేశాలకు ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది.

చూడటమంటే ఏమిటి?

మా మదరసాలో విద్యార్థులు 'హిదాయా' చదివేటప్పుడు 'ఖియారుర్రూయత్' అనే అధ్యాయం వస్తుంది. చూడకుండా కొన్న వస్తువును చూసిన తరువాత, నచ్చకుంటే తిరస్కరించే హక్కు కొనేవారికి ఉంటుందన్నది హనఫీ సిద్ధాంతం. ఇంటి విషయంలో ఎంత చూస్తే చూసినట్లు? ఇంటి ముంగిలి చూస్తే చాలునని పూర్వపు ఇమాముల అభిప్రాయం. లోపలి గదులలోకి వెళ్లి చూడవలసిందేనని ఇమామ్ జుఫర్ (రహ్మ) అన్నారు. 12వ శతాబ్దానికి చెందిన హిదాయా గ్రంథకర్త ఇమామ్ మర్గీనానీ (రహ్మ) ఈ భేదాభిప్రాయాన్ని చక్కగా పరిష్కరించారు. పూర్వులు అలా చెప్పడానికి కారణం వారి కాలంలో ఇళ్లన్నీ ఒకే రకంగా ఉండేవి. నేడు ఒక ఇంటికీ మరొక ఇంటికీ తేడా ఉంటోంది గనుక లోపలికి ప్రవేశించి చూడక తప్పదు అన్నారు.

ఎనిమిది వందల ఏళ్ల క్రితమే ముంగిలి చూసి మురిసిపోరాదని మన పెద్దలు తేల్చి చెప్పారు. ఫోనులో కనిపించే ఫొటో నేటి కాలపు ముంగిలి. వెడల్పు కటకంతో తీసిన ఫొటోలో పది అడుగుల గది పదిహేను అడుగుల గదిలా కనిపిస్తుంది. గోడల చెమ్మ వాసన వీడియోలో రాదు. బోరులో వేసవిలో నీళ్లు ఉంటాయో లేదో, కుళాయి నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయో, మూడో అంతస్తుకు ముసలి తల్లి ఎక్కగలదో లేదో ఏ చిత్రమూ చెప్పదు.

వరద సంగతీ అంతే. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచిన వానలలో హాఫిజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ వంటి బస్తీలలో ఇళ్లు నీట మునిగాయి. తరువాత గోడలకు సున్నం వేశాక ఫొటోలలో ఆ నీటి గీత కనిపించదు. పక్కింటివారిని అడిగితే నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చేయి పెట్టి చూపిస్తారు.

కనుక చూడకుండా బయానా కట్టకండి. ఇంటివారు రాలేనంత దూరంలో ఉంటే, నమ్మకస్తుడైన బంధువును లోపలికి పంపి, అన్ని గదులూ, మేడ మీది ట్యాంకూ, గల్లీ మొదలూ చూపించమనండి. వీలైతే ఒకసారి పగలు, ఒకసారి ఇషా తరువాత చూడాలి. ఇక బేరం చెడినప్పుడు బయానా మింగేయడం గురించి కూడా ఒక మాట. హన్బలీ ఇమాములు కొందరు దాన్ని అనుమతించినా, కొనేవాడు వెనక్కి తగ్గినంత మాత్రాన అమ్మేవాడు ఆ సొమ్ము ఉంచుకోవడం సరికాదన్నది హనఫీలతో సహా అధిక సంఖ్యాకులైన ఫుఖహాల అభిప్రాయం. షరతులు ముందే కాగితం మీద పెట్టుకుంటే ఈ తగవే రాదు.

తెలిసినవాడు దాచరాదు

తెరకు తెలియదు. దలాలుకు తెలుసు. ఆ పేటలో పాతికేళ్లుగా తిరిగినవానికి ఏ ఇంటిలో అన్నదమ్ముల వ్యాజ్యం నడుస్తోందో, ఏ భవనానికి అనుమతి లేకుండా పై అంతస్తు వేశారో, ఏ యజమాని అడ్వాన్సు తిరిగి ఇవ్వకుండా సతాయిస్తాడో తెలుసు. దలాలుకు మనం ఇచ్చే సొమ్ము నిజానికి ఈ ఎరుకకే. కాని ఆ ఎరుకను దాచి బేరం కుదిరిస్తే?

ఇమామ్ గజాలీ (రహ్మ) 'ఇహ్యా ఉలూముద్దీన్'లో హజ్రత్ వాసిలా బిన్ అస్ఖా (రజి) సంఘటనను పేర్కొన్నారు. ఒక వ్యక్తి తన ఆడ ఒంటెను 300 దిర్హములకు అమ్మాడు. వాసిలా (రజి) అక్కడే ఉన్నా పరధ్యానంలో ఉండిపోయారు. కొన్నవాడు ఒంటెను తోలుకొని వెళ్లిపోయాక ఆయన వెనుక పరుగెత్తి, దాన్ని మాంసానికి కొన్నావా, ప్రయాణానికి కొన్నావా అని అడిగారు. ప్రయాణానికే అని అతడనగా, దాని కాలి గిట్టలో రంధ్రం ఉందనీ, అది దూరం నడవలేదనీ చెప్పారు. కొన్నవాడు వెనక్కి వచ్చాడు. అమ్మినవాడు 100 దిర్హములు తగ్గించవలసి వచ్చింది. నా బేరం చెడగొట్టావని అతడు నొచ్చుకున్నాడు. లోపాన్ని చెప్పకుండా అమ్మడం ఎవరికీ తగదనీ, ఆ లోపం తెలిసినవాడు చెప్పకుండా ఊరుకోవడం కూడా తగదనీ దైవప్రవక్త (సఅసం) చెప్పగా తాము విన్నామని వాసిలా (రజి) సమాధానమిచ్చారు.

గమనించండి. ఆయన అమ్మినవారు కారు, కొన్నవారు కారు, దలాలు కూడా కారు. కేవలం చూసినవారు. చూసినవాని మీదనే ఇంత బాధ్యత ఉంటే, ఆ బేరం మీద కమీషన్ తినేవాని మీద ఎంత ఉండాలి! ఈ వృత్తిలో ఉన్న మన సోదరులు ఈ సంఘటనను గుండెలో రాసుకోవాలి. 'నన్ను అడగలేదు, నేను చెప్పలేదు' అన్న సమాధానం బజారులో చెల్లవచ్చు, అల్లాహ్ సన్నిధిలో చెల్లదు. నిజాయితీపరుడైన వర్తకుడు ప్రవక్తలు, సత్యసంధులు, షహీదుల సరసన ఉంటాడని తిర్మిజీలో ఉల్లేఖితమైన శుభవార్త ఈ సోదరులకూ వర్తిస్తుంది.

పేరు వినగానే తలుపు మూసుకుంటే

ఇక మన కుటుంబాలను ఎక్కువగా బాధించే విషయానికి వద్దాం. ఇల్లు ఖాళీగా ఉందని చెప్పి, పేరు చెప్పగానే 'ఇప్పుడే వేరేవారికి ఇచ్చేశాం' అనే మాట నగరాలలో అద్దె ఇల్లు వెతికిన ముస్లిం కుటుంబాలకు కొత్త కాదు. ఇది కేవలం మన అనుమానం కాదు. ఢిల్లీ, దాని పరిసర నగరాలలో ఒక పెద్ద రియల్ ఎస్టేట్ వెబ్‌సైట్ ద్వారా జరిపిన పరిశోధనను ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధనా సంస్థ 2016లో ప్రచురించింది. అగ్రవర్ణ హిందూ పేర్లతో అడిగినప్పుడు నూటికి 35 సందర్భాలలో యజమానులు స్పందించగా, ముస్లిం పేర్లతో అడిగినప్పుడు 22 సందర్భాలలోనే స్పందించారు.

ఈ విషయంలో తెర, దలాలు రెండు రకాలుగా పనిచేస్తాయి. తెర మీద కాదన్న మాట వినబడదు, జవాబే రాదు. దలాలు మాత్రం ముందే చెప్పేస్తాడు: ఫలానా యజమాని మనవారికి ఇవ్వడు, అక్కడికి వెళ్లి అవమానపడవద్దు అని. ఆ మాట మన శ్రమను తగ్గిస్తుంది, కాని మనల్ని మళ్లీ అవే రెండు మూడు పేటలకు తోలుతుంది. ఈ అలవాటుకు లొంగకుండా, మీ ఉద్యోగం, మీ కుటుంబం, పాత ఇంటి యజమాని మీ గురించి చెప్పే మంచి మాట వెంట పెట్టుకొని నేరుగా మాట్లాడే ప్రయత్నం చేయండి. కాదన్నవారు ఉన్నట్లే, ఒకసారి ముఖాముఖి మాట్లాడి ఆదరించే ఇంటివారూ మన తెలుగు నేల మీద ఎందరో ఉన్నారు.

ఒక్కటి మాత్రం చేయకండి. జవాబు వస్తుందన్న ఆశతో వెబ్‌సైట్‌లో మారుపేరు పెట్టుకోకండి. ఎదుటివాని అన్యాయం మన అబద్ధాన్ని హలాలు చేయదు. అబద్ధంతో తెరుచుకున్న తలుపు వెనుక భయంతో బ్రతకవలసి వస్తుంది.

మరి మనలో ఇళ్లున్నవారు ఏం చేస్తున్నారు? మతం చూసి, కులం చూసి, విధవరాలని, విడాకులు పొందినదని చూసి తలుపు మూసేవారు మనలో లేరా? హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట మేకను కోస్తే, మన యూదు పొరుగువారికి పంపారా అని ఇంటివారిని పదేపదే అడిగారట. యూదుడు పక్కన ఉండటం ఆయనకు కష్టం కాలేదు. అతనికి వాటా అందకపోవడమే కష్టమయింది. మనం ఇతరుల నుండి ఆశించే న్యాయాన్ని ముందు మన గుమ్మం వద్ద అమలు చేయాలి.

ఇంటి పరువు, ఆడవారి గోప్యత

ఇతరుల ఇళ్లలోకి అనుమతి లేకుండా, సలాం చెప్పకుండా ప్రవేశించరాదని నూర్ సూరా 27వ ఆయతు ఆదేశించింది. అద్దెదారు ఇంకా కాపురం ఉన్న ఇంటికి, చెప్పాపెట్టకుండా నలుగురిని వెంటబెట్టుకొని వచ్చి గదులన్నీ చూపించే దలాలు ఈ ఆదేశాన్ని ఉల్లంఘిస్తున్నాడు. అద్దె చెల్లించినంత కాలం ఆ ఇంటి గోప్యత అద్దెదారుదే, యజమానిది కాదు. ముందు రోజు ఫోను చేసి సమయం అడగడం, ఇంట్లో మగవారు ఉన్న వేళ రావడం కనీస మర్యాద.

తెర విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. కాపురం ఉన్న ఇంటి పడకగదులు, దండెం మీది బట్టలు, గోడ మీది కుటుంబ చిత్రాలు, బీరువాల ఫొటోలు తీసి ప్రపంచమంతా చూసే చోట పెట్టడం కూడా ఒక విధంగా అనుమతి లేని ప్రవేశమే. ఇల్లు ఖాళీ అయ్యాక, లేదా కాపురమున్నవారి అనుమతితో సామాను పక్కకు జరిపి తీయండి. అలాగే ఇంటి ఆడవారి ఫోను నంబరును ప్రకటనలో ఇవ్వకండి. ఒకసారి వెబ్‌సైట్‌లో పెట్టిన నంబరుకు అవసరం తీరిన తరువాత కూడా అపరిచితుల ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఒంటరిగా ఇల్లు వెతుకుతున్న సోదరి ఉంటే, ఆమెను దలాలుతో ఖాళీ ఇంటికి ఒంటరిగా పంపకండి. ఆమె అన్నదమ్ములు లేకపోతే ఆ బాధ్యత మహల్లా పెద్దలది, వారి ఇంటి స్త్రీలది.

కాగితం మీద సాక్ష్యం

బఖరా సూరా 282వ ఆయతు అప్పు లావాదేవీలను రాసుకోమని, క్రయవిక్రయాలకు సాక్షులను పెట్టుకోమని ఆదేశిస్తోంది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు ఇదే. అయినా నోటి మాట మీద లక్షలు చేతులు మారడం మనలో ఇంకా ఉంది.

ఇల్లు కొనేవారికి ఈ విషయంలో అంతర్జాలం నిజంగా ఉపకరిస్తుంది. అమ్మకాల వెబ్‌సైట్ల కంటే ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎక్కువ మేలు చేస్తాయి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలో ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) చూసి ఆ ఆస్తి ఎవరెవరి చేతులు మారిందో, బ్యాంకు తనఖాలో ఉందో లేదో తెలుసుకోవచ్చు. అయితే రిజిస్టరు కాని లావాదేవీలు ఈసీలో కనిపించవని గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద ఉన్న నిషేధిత ఆస్తుల జాబితాను కూడా తప్పక చూడాలి. ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ భూములతో పాటు వక్ఫ్ భూములూ అందులో ఉంటాయి.

వక్ఫ్ సంగతి మనకు చట్టం కంటే ముందు ధర్మం చెప్పింది. హజ్రత్ ఉమర్ (రజి) తమ ఖైబర్ భూమిని వక్ఫ్ చేసినప్పుడు దాన్ని అమ్మరాదు, దానంగా ఇవ్వరాదు, వారసత్వంగా పంచుకోరాదు అన్నది షరతు. తక్కువ ధరకు వస్తోందని వక్ఫ్ స్థలంలో ఇల్లు కొని, ఆ ఇంటిలో నమాజు చదవడం ఎంత విచారకరం! 'అందరూ కొంటున్నారు, ఏమీ కాదు' అనే దలాలు మాట ఇక్కడ ఎంతమాత్రం చెల్లదు.

పాతబస్తీలో నోటరీ కాగితాల మీద అమ్మే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. 100 రూపాయలు, ఆపైన విలువ గల స్థిరాస్తి అమ్మకానికి రిజిస్టరు పత్రం ఉండాలన్నది చట్టం. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద జరిగే అమ్మకంతో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. చెరువు గర్భంలోనో, దాని బఫర్‌లోనో ఇల్లు ఉందా అన్నదీ చూడాలి. 2024 జూలైలో హైడ్రా ఏర్పడిన తరువాత జరిగిన కూల్చివేతలలో, కాగితాలున్నాయని నమ్మి కొన్నవారూ నష్టపోయారు.

కొత్త ఫ్లాటు కొంటే 2016 నాటి రెరా చట్టం రక్షణ ఉంది. రెరాలో నమోదు కావలసిన ప్రాజెక్టులకు ప్రకటనలోనే నమోదు సంఖ్య ఉండాలి. వాటిలో ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా రెరాలో నమోదై ఉండాలి. రిజిస్టరు ఒప్పందం లేకుండా బిల్డరు మొత్తం ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. బిల్డరు, ఏజెంటు నంబర్లు రెండింటినీ రెరా వెబ్‌సైట్‌లో సరిచూసుకొన్న తరువాతనే అడుగు ముందుకు వేయండి.

రహన్ ఇల్లు, వడ్డీ ఇల్లు

కొందరు దలాలులు అద్దె బరువు లేని దారి చూపిస్తామంటారు. ఐదు లక్షలో, పది లక్షలో యజమానికి ఒకేసారి ఇచ్చి, రెండు మూడేళ్లు అద్దె లేకుండా ఉండి, వెళ్లేటప్పుడు మొత్తం సొమ్ము తిరిగి తీసుకోవడం. హైదరాబాద్‌లో దీన్నే 'రహన్ మీద ఇల్లు' అంటారు. వినడానికి తేలికగా ఉంటుంది. కాని ఆ సొమ్ము అప్పు, ఇల్లు తాకట్టు, ఆ ఇంట్లో ఉచిత నివాసం అప్పు మీద పొందే లాభం. అప్పు మీద షరతుగా పొందే లాభం వడ్డీయేనని మన ఉలమాలు చెబుతున్నారు. వెబ్‌సైట్లలో ఇంటి బొమ్మ కిందనే కనిపించే గృహరుణ ప్రకటనల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఇటువంటి సందర్భాలలో బేరం కుదరక ముందే మీ ఊరి ముఫ్తీ గారిని సంప్రదించండి.

ఇంటికంటే ముందు పొరుగు

హజ్రత్ అబూ రాఫె (రజి) తమ ఇంటిలోని రెండు గదులను అమ్మదలిచి, పొరుగువారైన హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) వద్దకు వెళ్లారు. ఆయన వాయిదాల మీద నాలుగు వేల దిర్హములకు మించి ఇవ్వలేమన్నారు. తమకు ఇతరులు 500 దీనార్లు ఇవ్వజూపారనీ, కాని సామీప్యం వల్ల పొరుగువానికే ఎక్కువ హక్కు ఉందని దైవప్రవక్త (సఅసం) చెప్పగా విన్నందువల్లనే ఈ ధరకు ఇస్తున్నామనీ అబూ రాఫె (రజి) చెప్పి, ఆ గదులను ఆయనకే ఇచ్చారు. ఈ ఉల్లేఖనం సహీహ్ బుఖారీలో ఉంది.

అమ్మేవారు ప్రకటన పెట్టే ముందు ఒక్కసారి పక్కింటి తలుపు తట్టాలన్నది ఇందులోని పాఠం. కొనేవారికీ పాఠముంది. ఇంటికంటే ముందు పొరుగును చూడమని అరబ్బుల సామెత. పొరుగు ఎలాంటిదో వెబ్‌సైట్ చెప్పదు. దలాలు చెబితే బేరం కోసం చెబుతాడు. అక్కడి మస్జిద్‌లో ఒక పూట నమాజు చదివి, ఇమామ్ సాహెబ్‌నూ, మూల మీది కిరాణా కొట్టువానినీ, పై అంతస్తులోని హిందూ సోదరునీ అడిగి తెలుసుకోవాలి. ఇంటి ఆడవారు అక్కడి ఆడవారితో మాట్లాడాలి. బడి ఎంత దూరం, ఆసుపత్రి ఎంత దూరం, రాత్రి ఆటో దొరుకుతుందా అని నడిచి చూసుకోవాలి.

సోదర సోదరీమణులారా! తెర మీద వెతకండి. అది ధరను తెలుపుతుంది. మంచి దలాలు దొరికితే అతని సేవను పొందండి. ప్రతిఫలం ముందే మాట్లాడుకొని, పని కాగానే సంతోషంగా చెల్లించండి. కాగితాలను ప్రభుత్వ వెబ్‌సైట్లలో సరిచూసి, న్యాయవాదికి చూపించండి. లోపలికి వెళ్లి, మీ కళ్లతో చూడండి. ఇంటిల్లిపాదితో సంప్రదించి, ఇస్తిఖారా నమాజు చేసుకొని, ఆ తరువాత అల్లాహ్ మీద భారం వేసి నిర్ణయించుకోండి. అమ్మేవాడూ కొనేవాడూ నిజం చెప్పి, లోపాలను బయటపెడితే వారి బేరంలో బర్కత్ ఉంటుందనీ, దాచి అబద్ధమాడితే ఆ బర్కత్ తుడిచిపెట్టుకుపోతుందనీ హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసు మనకు తెలుపుతోంది.

ఇల్లు లేని ప్రతి కుటుంబానికీ అల్లాహ్ ధర్మబద్ధమైన మార్గంలో గూడు కల్పించుగాక! మన ఇళ్లను 'సకన్'గా, మనల్ని మంచి పొరుగువారిగా చేయుగాక! ఆమీన్.